శరత్తు, ఆటస్థలము, విశ్రాంతి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండినవి. మనుష్యునకు ఇరువదియైదు వచ్చినచో యౌవనము వచ్చినదందురు. గ్రంథాలయమునకు ఇరువదియైదు వచ్చినచో బీరువా తలుపులు కిర్రుమనును. తొలినాటి పుస్తకముల అంచులు పసుపువన్నెకు తిరుగును. మొదటి దినమున చందా కట్టినవారిలో కొందఱు నేడు కనబడరు. కాని ఆ పసుపుబారిన పుస్తకమునే పదేండ్ల బాలుడొకడు నేడు తొలిసారి తెఱచును. వానికది క్రొత్త పుస్తకమే. కావున వయస్సును గూర్చి నాలుగు మాటలు చెప్పుకొనుటకు గ్రంథాలయముకన్న తగిన చోటు లేదు. శరత్తుకన్న తగిన కాలమును లేదు.

ఆశ్వయుజ కార్తిక మాసములు శరదృతువు. నైరృతి ఋతుపవనములు వెనుదిరుగును. నెలల తరబడి బురదవన్నెతో పాఱిన కాలువనీరు దినదినమును తేరుకొనును. నీటిలోని ఒండ్రు అడుగునకు దిగుటయే ఆ తేటకు కారణము; వేగము తగ్గినగాని ఒండ్రు దిగదు. ఏటిగట్టున, లంకలలో రెల్లు తెల్లగా పూయును. తెలంగాణమున తంగేడు, గునుగు పూలు బతుకమ్మలై వీధులలోనికి వచ్చును. కార్తికమున గుడి ధ్వజస్తంభముపై ఆకాశదీపము వెలుగును. వరి పొట్టవిడిచి, పాలుపోసుకొని, గింజ గట్టిపడినకొలది తల వంచును.

పాశ్చాత్య దేశములలో ఈ ఋతువు ఆకు రాలు కాలము. అచ్చటి చెట్లు రాబోవు చలికి నీటిని పొదుపు చేసికొనుటకై ఆకులను విడుచును. ఆకులోని పచ్చని పదార్థము నశింపగా, అంతవఱకు దాని చాటున నున్న పసుపువన్నె బయటపడును. అందుచేత అచ్చటి కవులు ఈ ఋతువును వార్ధక్యమునకు గుర్తుగా చెప్పికొనిరి. తెలుగునేలను చెట్లు శరత్తున ఆకు రాల్చవు. ఆకు రాలునది మాఘ ఫాల్గుణములందు, శిశిరమున. అదియును ఉగాదికి గడప దగ్గఱనే. కావున “జీవితమున శరత్తు వచ్చినది” అను మాటను పరదేశపు చెవితో వినినచో ముగింపు అని తోచును. ఊరి పొలముగట్టున నిలిచి వినినచో పంట చేతికి రాబోవు వేళ యని తోచును. మాట ఒక్కటే, నిలిచిన చోటు వేఱు.

శరత్తు అను పదమునకు సంవత్సరమను అర్థమును నిఘంటువులందు కలదు. వైదిక ప్రార్థనలలో ఆయువు కోరినవారు నూఱు శరత్తులు చూడగోరిరి.  వఱదలను, జ్వరములను, ముసురులను దాటి శరత్తును చూచినవాడు ఆ యేటిని గెలిచినవాడని వారి లెక్క కాబోలు.

ఐనను శరత్తు కేవలము వెన్నెల కాదు. పంట చేతికి వచ్చు వేళనే తూర్పు సముద్రమున వాయుగుండములు పుట్టును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఈ ఋతువుననే వచ్చినది; 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ తుపానును ఈ ఋతువుదే. పూర్వవైద్యులు ఈ కాలమున పిత్తము ప్రకోపించునని చెప్పి పథ్యములు విధించిరి. వయస్సును అట్టిదే. తేటయును తెచ్చును, తుపానును తెచ్చును. ఒకదానిని మాత్రమే చెప్పువాడు సగమే చెప్పినవాడు.

మఱియొక విశేషము కలదు. వర్షములు వెలిసి, దారులు ఆఱి, నదులు దాటుటకు అనువైనప్పుడు రాజులు విజయదశమి నాడు దండయాత్రకు బయలుదేఱెడివారు. ఆ దినమున ఊరి పొలిమేర దాటుట నేటికిని ఆచారముగా మిగిలినది. శరత్తు పని ముగించు కాలము కాదు, ప్రయాణము మొదలిడు కాలము అని ఆ ఆచారము చెప్పుచున్నది. నేడు దండయాత్రలు లేవు. వాని స్థానమున ఆటలు వచ్చినవి. నేల గట్టిపడగానే బాలురు చెడుగుడు గీతలు గీయుదురు. మూడు పుల్లలు పాతి బ్యాటు పట్టుదురు. 1934లో ఆరంభమైన రంజీ ట్రోఫీ పోటీలును సాధారణముగా ఈ కాలముననే మొదలగును. అప్పుడు ఊరి గ్రంథాలయములో వార్తాపత్రికను కడపటి పుటనుండి చదువువారు అధికమగుదురు.

ఆటను ఆడువానికి ఒక్క వయస్సే. చూచి అభిమానించువానికి నాలుగు వయస్సులు. మొదటి వయస్సున ఆటగాండ్రందఱు తనకన్న పెద్దవారు; వారు దేవతలు. రెండవ వయస్సున వారు తన యీడువారు. తానును ఆడదగినవాడనేయని రహస్యముగా నమ్మును. మూడవ వయస్సున వారు తనకన్న చిన్నవారు. అభిమానముతోపాటు సలహాలును ఇచ్చును. నాలుగవ వయస్సున, తాను బాలుడుగా నున్నపుడు చూచినవారి మనుమలు ఆడుచుందురు. అప్పుడు అభిమాని ఆటను కాక కాలమును చూచుచుండును. అద్దము చెప్పని వయస్సును ఆటల పుట చెప్పును. తన యీడు ఆటగాడు విరమించెనను వార్త చదివిన దినమున అభిమాని చేయి తెలియకయే తన తలవెండ్రుకల మీదికి పోవును.

ఇట్టి అభిమాని నొకనిని ఊహించుకొందము. అతడు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. 1964లో, క్రోధి నామ సంవత్సరమున జన్మించెను. 1983 జూన్ 25న భారత జట్టు లార్డ్సు మైదానమున ప్రపంచకప్పు గెలిచిన రాత్రి అతడు పందొమ్మిదేండ్ల యువకుడు. అరుగుమీద రేడియో చుట్టు చేరినవారిలో ఒకడు. 1989 నవంబరులో పదునాఱేండ్ల సచిన్ టెండూల్కరు కరాచీలో తన మొదటి టెస్టు ఆడెను. ఆ యేటనే ఈ యువకుడు సుద్దముక్క చేతబట్టెను. 2001 మార్చిలో హైదరాబాదు ఆటగాడు వి.వి.ఎస్. లక్ష్మణు కలకత్తాలో ఆస్ట్రేలియాపై 281 పరుగులు చేసినపుడు, ఇతడు ఆ సంఖ్యను నల్లబల్లపై వ్రాసి మూడవ తరగతివారిచే స్థానవిలువలు చెప్పించెను. 2012 ఆగస్టులో లక్ష్మణు విరమించెను. 2013 నవంబరు 16న, ఇరువదినాలుగేండ్ల ఆట పిమ్మట, సచిన్ తన రెండువందలవ టెస్టు ముగించి, ముంబయి వాంఖడే మైదానమున పిచ్ వద్దకు ఒంటరిగా పోయి నేలను ముట్టి నమస్కరించెను. ఆరంభమును శరత్తే, ముగింపును శరత్తే. ఉపాధ్యాయుడు మాత్రము ఆ తరువాతను బడికి పోవుచునే యుండెను. 2022 జూనులో, హైదరాబాదున పెరిగిన మిథాలీ రాజు 23 ఏండ్ల ఆటకు స్వస్తి చెప్పినపుడు ఇతని తరగతిలోని బాలిక యొకతె కన్నీరు పెట్టికొన్నది. అతడామెను ఓదార్చి, తనలో తాను లెక్క వేసికొనెను.

ఆ లెక్క పదవీ విరమణ లెక్క. ఆంధ్రరాష్ట్ర ప్రభుత్వోద్యోగులకు 58 ఏండ్ల పరిమితి యుండినది. 1983లో దానిని 55కు తగ్గించిరి. తరువాత మరల 58 చేసిరి. రాష్ట్రవిభజన పిమ్మట ఆంధ్రప్రదేశమున 2014లో 60 గాను, 2022లో 62 గాను పెంచిరి. తెలంగాణమున 2021లో 61 చేసిరి. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన కాలమున భారతీయుని సగటు ఆయుర్దాయము సుమారు 32 ఏండ్లు. నేడది సుమారు 70. తాతలకాలమున విరమించినవానికి మిగులునది కొలదికాలమే. నేడు విరమించినవానికి మఱియొక ఉద్యోగకాలములో సగము మిగులుచున్నది. ఆ సగమును ఏమి చేయవలెనని ఏ ఉత్తరువునందును వ్రాసియుండదు.

1964లో జన్మించిన ఉపాధ్యాయుడు 2026లో విరమించును. క్రోధి నామ సంవత్సరము 2024లో మరల వచ్చినది. గురుడు సుమారు 12 ఏండ్లకును, శని సుమారు 30 ఏండ్లకును ఆకాశమును చుట్టివత్తురు. అఱువది ఏండ్లలో గురుడు అయిదు చుట్లు, శని రెండు చుట్లు పూర్తిచేయుదురు. పుట్టిన యేటి పేరు తిరిగివచ్చుటయే షష్టిపూర్తి. పెద్దలు దానిని మరల పెండ్లితో జరుపుచున్నారు. అఱువది నిండిన దంపతులను పీటలమీద కూర్చుండబెట్టి తలంబ్రాలు పోయించిన సంప్రదాయము, వయస్సును ముగింపుగా తలంచినది కాదు. చక్రము ఒక చుట్టు తిరిగినది. రెండవ చుట్టు మొదలైనదని దాని భావము.

ఐనను శరీరము తన లెక్క తాను వ్రాసికొనును. నలువదియవ యేడు సమీపించునప్పటికి కంటిలోని కటకము మెత్తదనము కోల్పోవును. దగ్గఱి అక్షరము మసకవాఱును. తెలుగువారు దానిని చత్వారమందురు. సంస్కృతమున నలువదికి చత్వారింశత్ అని పేరు. వ్యాధి పేరులోనే వయస్సు ఇమిడియున్నది. బంతిని చూచి బ్యాటు లేపువాని చేయి క్షణములో అల్పభాగము ఆలస్యమైనను పుల్లలు ఎగిరిపోవును. అభిమానికి కండ్లద్దములు చాలును, ఆటగానికి చాలవు. అందుచే ఉద్యోగికి అఱువదిలో వచ్చు దినము ఆటగానికి ముప్పదియైదు, నలువదిలోనే వచ్చును.

ఈ లెక్కకు లోబడనివారు కొందఱు కలరు. ఇంగ్లండు ఆటగాడు జాక్ హాబ్సు తన శతకములలో సుమారు సగము నలువదేండ్లు దాటిన తరువాతనే చేసెను. ఆ దేశమువాడే విల్ఫ్రెడ్ రోడ్సు 1930లో కడపటి టెస్టు ఆడునాటికి అతనికి 52 ఏండ్లు. కాని శరత్తును గూర్చి, ఆటను గూర్చి, వయస్సును గూర్చి తెలుగువారు చెప్పుకొనదగిన కథ కొఠారి కనకయ్య నాయుడుగారిది. లోకము ఆయనను సి.కె. నాయుడు అని పిలిచినది.

ఆయన తెలుగు కుటుంబమున నాగపురమున 1895 అక్టోబరు 31న జన్మించెను. 1926 డిసెంబరు 1న బొంబాయి జింఖానా మైదానమున, ఇంగ్లండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై హిందూ జట్టు పక్షమున 153 పరుగులు చేసెను. అందు సిక్సర్లు 11. దేశము పరపాలనలో నున్న కాలమది. పాలకులు నేర్పిన ఆటలో పాలకుల బంతి మైదానపు హద్దు దాటి పడుచుండగా చూచినవారికి అది ఆట మాత్రమే కాలేదు. అభిమానమనునది బంతితోను పరుగులతోను పుట్టదు. తనలో తాను చెప్పుకొనలేని మాటను మఱియొకడు చేతితో చేసి చూపినపుడు పుట్టును.

1932లో భారత జట్టు మొదటి టెస్టు ఆడుటకు ఇంగ్లండు పోయినది. యాత్రకు నాయకుడు పోరుబందరు మహారాజు. మహారాజు తన ఆటకు టెస్టు తగదని తెలిసికొని తప్పుకొనెను. నాయకత్వము నాయుడుగారికి వచ్చినది. జూన్ 25న లార్డ్సులో ఆరంభమైన ఆ ఆటలో, క్షేత్రరక్షణలో చేయి గాయపడినను, మొదటి ఇన్నింగ్సులో 40 పరుగులు చేసి జట్టులో ప్రథముడయ్యెను. జట్టు 158 పరుగుల తేడాతో ఓడినది. సరిగా 51 ఏండ్ల పిమ్మట, అదే మైదానమున, అదే తేదీన ప్రపంచకప్పు వచ్చినది. ఓడిన ఆట ఆరంభమైన దినమును కప్పు గెలిచిన దినమును పంచాంగమున ఒక్క గడిలోనే యున్నవి. పోరుబందరు మహారాజు చేసిన పనియును మఱవదగినది కాదు. ఎప్పుడు ప్రక్కకు జరుగవలెనో తెలియుటయు ఒక ఆటయే.

టెస్టు నాయకుడగునాటికి నాయుడుగారికి 36 ఏండ్లు. ఇతరులు బ్యాటు దించు వయస్సది. ఆ తరువాత ఇందూరు హోల్కారు జట్టును ఆయన తీర్చిదిద్దెను. ఆ జట్టు నాలుగుసారులు రంజీ ట్రోఫీ గెలిచినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. ఆ శరత్తున ఆరంభమైన పోటీలలో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీలో ప్రవేశించినది. దానికి నాయకుడెవరు? 58 ఏండ్లు నిండిన నాయుడుగారు. ప్రభుత్వము తన గుమాస్తాలను, తన ఉపాధ్యాయులను చిరకాలము ఇంటికి పంపిన ఆ వయస్సుననే, అప్పుడే పుట్టిన రాష్ట్రము జట్టునకు ఆయన ముందు నడిచెను. 1956-57లో అఱువది దాటి ఉత్తరప్రదేశ్ జట్టు పక్షమున రంజీ ఆడెను. 1963-64లో ధర్మనిధికై జరిగిన ఆటలో 68 ఏండ్ల వయస్సున బ్యాటు పట్టెను. 1967 నవంబరు 14న ఇందూరున కన్నుమూసెను. శరత్తున వచ్చి శరత్తుననే వెడలిన జీవితమది. ఆయన కుమార్తె చంద్ర నాయుడు తండ్రి శతజయంతి సంవత్సరమైన 1995లో ఆయన జీవితచరిత్రను ప్రకటించినది. ఆటస్థలము మఱచిపోవుదానిని పుస్తకము జ్ఞాపకముంచుకొనును.

అందఱును నాయుడుగారు కాలేరు. కావలసిన పనియును లేదు. కొందఱి ముగింపు లోపముతో నుండును. 1948 ఆగస్టు 14న లండను ఓవల్ మైదానమున డాన్ బ్రాడ్‌మను కడపటిసారి బ్యాటు పట్టినపుడు, నాలుగు పరుగులు చేసియున్నచో అతని టెస్టు సగటు సరిగా నూఱగుచుండెను. రెండవ బంతికే సున్నకు వెడలెను. సగటు 99.94 వద్ద నిలిచినది. అది నూఱై యున్నచో జనులు మెచ్చి ఊరకుండెడివారు. నూఱు కాలేదు గనుక నేటికిని దానినే తలంచుచున్నారు. తన ఉద్యోగమున ఏదో ఒకటి మిగిలిపోయినదని కుములు ఉద్యోగికి ఈ సంఖ్య ఒక ఓదార్పు. నిండు నూఱు ఎవ్వరికిని లేదు.

ఆటగాడు విరమించు దినమున మైదానమంతయు లేచి నిలుచును. ఉపాధ్యాయుడు విరమించు దినమున ఒక శాలువ, ఒక పూలదండ, నాలుగు ఉపన్యాసములు, ఫలహారము. మఱునాటి ఉదయము తొమ్మిదింటికి కాలు దానంతటది బడివైపు పోజూచును. ఇల్లాలు మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, “ఇక ఇంట్లోనే ఉంటారుగా, ఏం చేద్దామనుకుంటున్నారండీ?” అని అడుగును. ఆ ప్రశ్నలో నింద లేదు. ఐనను ముప్పదియేడేండ్లలో ఏ పర్యవేక్షకుడును అడుగని ప్రశ్న అది. సంతకము పెట్టవలసిన పుస్తకము లేని ఉదయము ఎంత పొడవో, దానిని గడపినవానికే తెలియును.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. పదవీ విరమణ అను చింత ఉద్యోగమున్నవాని సౌఖ్యము. రైతునకు విరమణ లేదు. కీళ్ళు పట్టినను నీరు పెట్టవలసిన దినమున చేనికి పోవలసినదే. కూలివానికి విరమణ యనగా చేతిలో బలము తగ్గి పిలుపు రాకపోవుట. దానికి శాలువయు లేదు, పింఛనుపుస్తకము లెక్కయు వేఱు. ఇంటి ఇల్లాలికి వయస్సు నిండినదని పొయ్యికి ఎవ్వరును ఉత్తరువు పంపలేదు. భర్త విశ్రాంతి ఆమెకు కొన్నియిండ్లలో రెండుమారులు అదనపు కాఫీగా మాత్రమే తెలియును. కావున విశ్రాంతి దొరికినవాడు అది తన ప్రతిభకు వచ్చిన బహుమతి యని తలంపరాదు; ఊరిలో పెక్కుమందికి లేని కాలము తన చేతికి వచ్చినదని తలంపవలెను. చేతికి వచ్చిన పంటలో కొంత కళ్ళములోనే పంచుట ఊరి ఆచారము.

పంచు విధము తెలిసికొనుటకును ఆటస్థలమే బడి. హైదరాబాదువాడు సయ్యద్ అబ్దుల్ రహీము మొదట బడిపంతులు. పిమ్మట పుట్‌బాల్ శిక్షకుడయ్యెను. ఆయన తీర్చిన హైదరాబాదు పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పు గెలిచినది. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో ఆయన శిక్షణనందిన భారత జట్టు నాలుగవ స్థానమున నిలిచినది. 1962లో జకార్తా ఆసియా క్రీడలనాటికి ఆయన శరీరమును పుట్టకురుపు తినుచుండెను. ఐనను జట్టుతో వెళ్ళెను. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాపై రెండు గోళ్ళకు ఒకటిగా గెలిచి జట్టు బంగారు పతకము తెచ్చినది. 1963 జూన్ 11న, 53 ఏండ్లకే ఆయన మరణించెను. ఆ ఫైనలులో ఆయన పాదము ఒక్కమాఱైనను బంతిని తాకలేదు. పదునొకండుగురి కాళ్ళలో ఆయన ఆలోచన పరుగెత్తినది. శరీరము చాలించిన చోటనుండి గురుత్వము పని మొదలిడును.

అభిమానమునకును చత్వారము కలదు. దూరపువి స్పష్టముగా కనబడి, దగ్గఱివి మసకవాఱును. పాతకాలపు ఆటయే ఆట, నేటి ఆట తమాషా యని వృద్ధులు తీర్పు చెప్పుదురు. పాతవారి పేర్లు వినినంతనే యువకులు నవ్వుదురు. ఒక సాయంకాలము గ్రంథాలయపు అరుగుమీద ఇట్టి వాదము జరుగుచుండగా, ఫోనులో ఆట చూచుచున్న కుఱ్ఱవాడు పైన ఊహించిన ఉపాధ్యాయుని వంటి పెద్దమనిషిని, “మాస్టారూ, మీ రోజుల్లో వాళ్ళు వీళ్ళకన్నా బాగా ఆడేవాళ్ళా?” అని అడిగెననుకొందము. ఆ పెద్దమనిషి చెప్పదగిన సమాధానమిది: “బాగా ఆడేవాళ్ళో లేదో చెప్పలేనురా అబ్బాయీ. మేము మాత్రం బాగా వినేవాళ్ళం.” రేడియో కాలమున ఆట కంటికి కనబడలేదు, మాటనుబట్టి మైదానమును మనస్సులో కట్టికొనవలసివచ్చెను. పుస్తకము చదువుటయు అట్టి పనియే. విని, చదివి కట్టికొను శక్తి ఈ తరమునకు అందింపదగిన ఆస్తి. పందెములు కాచి డబ్బు పోగొట్టుకొనుట, అభిమాన నటుని కొఱకు కొట్లాడినట్లు అభిమాన జట్టు కొఱకు నీచముగా తిట్టుకొనుట ఆస్తులు కావు. వానిని పెద్దలు తామే విడిచి చూపవలెను.

ఇక గ్రంథాలయము చేయదగినది చెప్పి ముగింపదగును. విరమించినవారు ఊరిలో ఎందఱో కలరు: ఉపాధ్యాయులు, తపాలా ఉద్యోగులు, సైనికులు, బస్సు కండక్టర్లు. వారు వారమునకు రెండు సాయంకాలములు ఈ భవనమునకు ఈయగలరు. చదువు రానివారికిని, చూపు మందగించినవారికిని పత్రిక బిగ్గఱగా చదివి వినిపింపగలరు. ఊరిలో ఏ యేట ఎంత వఱద వచ్చినదో, ఏ పంట పోయి ఏ పంట వచ్చినదో, ఏ చెడుగుడు జట్టులో ఎవరు ఆడిరో వృద్ధులు చెప్పగా పుస్తకమున వ్రాసి బీరువాలో పెట్టగలరు. ఆ సంగతులు ఏ పట్టణపు గ్రంథాలయములోను దొరకవు. చెప్పువారు పోయిన పిమ్మట ఇచ్చటను దొరకవు. లెక్కలలో వెనుకబడిన పిల్లవానికి పరుగుల సగటుతోనే భాగహారము నేర్పగలరు. ఇల్లాండ్రకు పుస్తకము ఇంటికే చేర్చి, తెచ్చి, వారికిని దినములో ఒక గంట విశ్రాంతి కలుగునట్లు ఇంటిపని పంచుకొనగలరు. ఈ కడపటి పనికి గ్రంథాలయ సంఘము తీర్మానము అక్కఱలేదు.

ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమము కాలమును ఊరికి పంచినవారివలననే పెరిగినది. 1914లో బెజవాడలో మొదటి గ్రంథాలయ మహాసభ జరుగునాటికి అయ్యంకి వేంకటరమణయ్యగారు ఇరువదినాలుగేండ్ల లోపు యువకుడు. తరువాత అఱువది యేండ్లకు పైగా ఆయన జీవితము గ్రంథాలయములకే అంకితమైనది. ఆ పనికి విరమణ తేదీ వ్రాసినవారు లేరు.

శరత్కాలపు నీరు పాఱుట మానినందున తేటపడలేదు. పరుగు తగ్గించినందున తేటపడినది. అది ఇంకను పాఱుచునేయున్నది. ఇప్పుడే దాని అడుగున గులకఱాయి కనబడుచున్నది. ఇప్పుడే దానిని కడవలో ముంచుకొని త్రాగవచ్చును. విరమించువారు ఆ నీరు కావలెను. ఈ గ్రంథాలయము ఆ నీటికి రేవు కావలెను. స్వర్ణోత్సవమునాడు, ఇప్పుడు ముందు వరుసలో కూర్చున్న ఈ బాలబాలికలు ఈ వేదికనుండి మాటలాడుదురు గాక. ఆనాటికి వారిలో కొందఱి చేతికి చత్వారపు కండ్లద్దములు వచ్చియుండును. వాని వెనుకనుండి ఈ పుస్తకములు వారికి స్పష్టముగా కనబడు గాక.

స్వస్తి.